బుధవారం పస్తులు

మా ఆఫీసుకు ఎవరొచ్చినా ముందుగా చెప్పే కథ ఒకటుంది. పరదేశం నుంచి నర్సింగు చదివే పిల్ల ఒకతె వచ్చిందట. మల్దకల్ దగ్గరి పల్లెలో రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగి వాడవాడంతా షుగరు దించేసిందట. ఆమె విమానం ఎక్కగానే మళ్ళీ పెరిగిందట. ఈ కథలో చివరి ముక్క మా కోసం. ఏళ్ళ తరబడి అదే వాడలో చెప్పులరగదీస్తున్న మేము ఎందుకూ కొరగామని దాని భావం. ఆ మాట ఎవరూ నోటితో అనరు. నా వైపు చూసి కొంచెం నవ్వుతారు, అంతే.

దిగలేదు. ఎన్నిసార్లైనా చెబుతాను, దిగలేదు. దిగనిది మళ్ళీ పెరిగే ప్రశ్నే లేదు. ఆ రెండు నెలలూ ఆ పిల్ల పక్కన నిలబడ్డది నేను. ఆమె మాట వాళ్ళకు, వాళ్ళ మాట ఆమెకు మోసింది నేను. ఈ కథను ఇంత అందంగా చెప్పేవాళ్ళలో ఒక్కరైనా ఆ ఊరి పిండి గిర్ని గడప తొక్కినవాళ్ళు కారు.

నాది బిజినేపల్లి దిక్కు. డిగ్రీ చదివింది నాగర్‌కర్నూల్‌లో, కాపురం వనపర్తిలో, కొలువు గద్వాలలో. పొద్దున్నే బస్సెక్కి, ఎర్రవల్లి చౌరస్తాలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, గద్వాలలో ఆటో మాట్లాడుకుని ఊళ్ళకు పోతాను. ఉద్యోగమంటే పెద్దదేమీ కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున బీపీ, షుగరు ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోయి గోలీలు మింగుతున్నారా, అన్నం తగ్గించారా, కాళ్ళు చూసుకుంటున్నారా అని అడగడం. వాళ్ళు ఆ అంటారు. నేను సరే అంటాను. ఇద్దరికీ తెలుసు అది అబద్ధమని. అన్నం తగ్గించండి, అన్నం తగ్గించండి అని ఇంతకాలం చెప్పాక ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే నిద్రొస్తుంది. మోకాళ్ళు కూడా ఇప్పుడు మునుపటిలా లేవు.

అలాంటి రోజుల్లో ఆ పిల్లను తెచ్చి నాకు అప్పగించారు. హాలెండు దేశం. వాళ్ళ కాలేజీలో ఆఖరి సంవత్సరం వాళ్ళు వేరే దేశంలో కొన్నాళ్ళు పల్లె ఆరోగ్యం పనిచేసి రావచ్చట, అది చదువులో భాగమట. వాళ్ళ దేశంలో ముసలివాళ్ళకు జబ్బులు లేవా, ఇంత దూరం రావాలా అని మా సారుతో అన్నాను. "మీరు ప్రతిదానికీ వాదిస్తారు మేడం" అన్నాడు. వాదిస్తాను. ఊరుకుంటే పని తగ్గుతుందా?

పిల్ల చెడ్డది కాదు. అదీ చెప్పాలి. వేళకు లేచేది, చేతులు శుభ్రంగా కడుక్కునేది, జొన్నరొట్టె పెడితే కారానికి నోరు ఊదుకుంటూ అయినా తినేది. మనిషి మాత్రం బాగా పొడుగు. మొదటి వారమంతా ప్రతి ఇంటి గుమ్మానికీ తల కొట్టుకుంది. ఊళ్ళో ఆమె పేరెవరూ పలకలేదు. పొడుగు పిల్ల అన్నారు, అదే నిలిచింది.

ఆ ఊరి పిండి గిర్ని ఒక ముస్లిం కుటుంబానిది. నడిపేది ఆ ఇంటావిడ. ఊరంతా ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలుస్తుంది, నేనూ అంతే. భర్తకు గిర్ని మోతకే చెవులు పోయాయి, నడుము కూడా పోయింది. జొన్నలు ఎత్తి పోసేదీ, పిండి పట్టేదీ, మోటారు ఆపేదీ అన్నీ ఆమే, అదీ పొద్దంతా నిలబడి. అలాంటి మనిషి కుడికాలి బొటనవేలి మీద జొన్నల డబ్బా పడింది. షుగరు ఉన్న ఒళ్ళు, పుండు మానలేదు. గద్వాల డాక్టరు ఆమెకు నా ఎదుటే స్పష్టంగా చెప్పాడు. షుగరు దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, అప్పటికీ జాగ్రత్తపడకపోతే పాదం. కాలు పోతే గిర్ని లేదు. గిర్ని లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు. ఇందులో అర్థం కానిదేమీ లేదు, ఖాలాకు కూడా.

మొదటిరోజు పొడుగు పిల్లను తీసుకుని గిర్నికే పోయాను. ఖాలా మోటారు ఆపి, పైనుంచి కిందికి చూసింది.

"ఏంది మేడం, గింత పొడుగున్నది! ఏం తింటదో అడుగు."

అడిగాను. "ఆలుగడ్డలు ఎక్కువ తింటదంట" అన్నాను.

"గవ్వే నేను తింటే షుగరంటిరి, ఆమె తింటే ఎత్తు పెరిగెనా! మంచిగున్నది మీ న్యాయం."

గిర్ని ముందు డబ్బాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. పొడుగు పిల్ల ఏం జరిగిందని నన్నడిగింది. చెప్పాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే వాళ్ళ మధ్య చుట్టరికం కలిసిపోయింది.

ఆ తరువాత ఆమె తన పని గురించి చెప్పింది. ప్రతి బుధవారం పొద్దున పరగడుపున వచ్చి అందరికీ షుగరు చూస్తానంది. ఈ నంబర్లు మా టీచర్లు చూస్తారు, ఇవి దిగితే నేను మీకు సరిగ్గా చెప్పినట్టు అంది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

"దిగకపోతే?" అంది ఖాలా.

"దిగకపోతే ఆమె మంచిగ చెయ్యనట్టంట."

"అంటే ఫెయిలా?"

అదీ అడిగాను. పిల్ల భుజాలెగరేసి, దాదాపు అంతే అంటూ నవ్వింది. తమాషాకే అంది. ఖాలా మాత్రం నవ్వలేదు. "వాళ్ళమ్మ ఉన్నదా?" అని అడిగింది. ఉందని చెప్పాను. "సాలు తీయి" అంది. ఏం సాలో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ ముక్క మీరు వాళ్ళకు చెప్పకుండా ఉండాల్సింది అని మా సారు తరువాత నాతో అన్నాడు. ఎందుకు చెప్పకూడదు? ఇద్దరి మధ్య మాట మొయ్యడానికి నన్ను పెట్టారు. ఏది మొయ్యాలో ఏది మధ్యలో పారేయాలో నేనే తేల్చేటట్టయితే నన్నే హాలెండుకు పంపాల్సింది.

వారం గడిచింది. నంబర్లు దిగాయి. తరువాతి వారం ఇంకా దిగాయి. పిల్ల ఆనందం ఇంతా అంతా కాదు. తక్కువ వచ్చినవాళ్ళ చేతి మీద పెన్నుతో నవ్వే ముఖం గీసేది. బుధవారం పొద్దున గిర్ని దగ్గర పెద్ద మనుషులు, మనవలున్నవాళ్ళు, చేతులు చాపి ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు.

"నాకు తొంభై ఆరు. నీకెంతే?"

"నూట నలభై."

"పో, నువ్వు ఫెయిలు. నీకు బొమ్మ ఎయ్యదు."

"గీ చదువుల తక్కువొస్తెనే ఫస్టంట. చిన్నప్పుడు మాకు గీ బడే లేకపాయె!"

నేను గోడకు ఆనుకుని ఇదంతా చూసేదాన్ని. అసూయ పడలేదని అబద్ధం చెప్పను. ఇన్నేళ్ళు నేను బతిమాలితే, బెదిరిస్తే, పోట్లాడితే ఒక్క పిడికెడు అన్నం తగ్గించనివాళ్ళు ఈ పిల్ల గీసే బొమ్మకు ఇట్లా మారిపోతారా? అనుమానం రాలేదా అని మీరడగవచ్చు. వచ్చింది. షుగరు చూసే మిషను చెడిపోయిందనుకున్నాను. సారుతో గొడవపడి కొత్తది తెప్పించాను. కొత్త మిషనూ అదే చెప్పింది. ఇంక నోరు మూసుకున్నాను.

ఒక్క ఖాలా కాలి విషయమే పొసగలేదు. షుగరు ఇంత బాగా దిగింది, పుండు మాత్రం మానదు. కట్టు విప్పినప్పుడల్లా వాసన. అంచులు నల్లబడుతున్నాయి. పొడుగు పిల్ల కట్టు మారుస్తూ, ఇది ఇలా ఉండకూడదు, ఈ నంబర్లకు ఈ కాలు ఇలా ఉండకూడదు అని గొణిగేది. వైద్య శిబిరం రోజు వచ్చిన డాక్టరుకు కాలు చూపించాం. ఆయన కాలు కంటే నంబర్లే ఎక్కువసేపు చూశాడు. "ఇంత కంట్రోల్లో ఉంటే భయమేముంది, కట్లు కట్టుకుంటూ ఉండండి, అదే మానుతుంది" అన్నాడు. వేలు తీయడం, కర్నూలు పెద్దాసుపత్రికి పంపడం, ఆ మాటలన్నీ అక్కడితో ఆగాయి. ఖాలా నా వైపు చూసి కనుబొమలెగరేసింది, చూసినవా అన్నట్టు.

ఆ తరువాతి బుధవారం మేము పోయేసరికి గిర్ని నడుస్తోంది. మోతకు నేల అదురుతోంది. పిండి మీద పిండి పడి డబ్బా నిండి పొర్లుతోంది, పట్టేవాళ్ళు లేరు. ఖాలా గోడ పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. చెమటకు జాకెట్టు తడిసి ఒంటికంటుకుంది. మమ్మల్ని చూసి నవ్వింది, ఆ నవ్వు ఆమెది కాదు.

"కరెంటు పోయింది బేటీ" అంది.

గిర్ని నడుస్తూనే ఉంది.

ఆమె భర్త వెనక గదిలో గోనెసంచులు దులుపుతున్నాడు. ఆయనకు ఏమీ వినపడదు. నేను ఉరికి మోటారు ఆపాను. ఈలోగా ఖాలా పక్కకు ఒరిగిపోయింది. పొడుగు పిల్ల పట్టుకుని నేల మీద పడుకోబెట్టి వేలు గుచ్చి చూసింది. షుగరు మరీ పడిపోయి ఉంది. "షుగర్! షుగర్!" అని అరిచింది. ఆ ఒక్క మాటకు నా అవసరం పడలేదు. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన పక్కింటి రైతు ఆడమనిషి తన ఇంటికి ఉరికి గ్లాసుడు నీళ్ళలో చక్కెర కలుపుకొచ్చింది. వస్తూ వస్తూనే, "షుగరు తగ్గాలంటిరి, మల్ల షుగరే తెమ్మంటిరి, మీ దవాఖాన మాటలు మాకు సమజైతలెవ్వు" అంది.

ఖాలా పళ్ళు గిట్టకరుచుకోకముందే రెండు గుటకలు దిగాయి. తరువాత ఇంకో రెండు. కాసేపటికి కళ్ళు మామూలుగా అయ్యాయి. అప్పుడు నేను పక్కింటామెను అడిగాను, పొద్దున ఏమన్నా తిన్నదా అని.

"పొద్దునేంది మేడం, రాత్రే తిన్లే. లేవంగనే రెండు గోలీలు ఏసుకుంది."

"రెండెందుకు? డాక్టరు ఒకటే గద చెప్పింది?"

"బుధవారం రెండే గద. మేమందరం గట్లనే చేస్తున్నం."

"అందరంటే ఎవరు?"

ఆమె వాడ వైపు చేయి ఊపింది. "మేమే. మంగళవారం రాత్రి పస్తు. పొద్దున డబల్ గోలీ. ఇంటికొచ్చిన పిల్లను ఫెయిల్ జేసి పంపుతమా? వాళ్ళమ్మకు ఏం మొహం చూపిస్తం?"

"మరి గోలీలు నెలకు సరిపోయేటన్నే ఇస్తిమి. రెండో గోలీ యాడికెల్లి వస్తుంది?"

"ఆదివారం ఎయ్యం. జర బాగుంటే సోమవారం గూడ ఎయ్యం. దాపెట్టుకుంటం."

"మిగతా దినాలు తిండి?"

"మిగతా దినాలు మామూలే మేడం. మాకు గూడ పానముంటది. ఒక పూట పస్తుంటిమి గద, గురువారం జర ఎక్కువే తింటం."

వారంలో రెండు రోజులు గోలీలు లేవు, ఒకరోజు రెండింతలు, మిగతా రోజులు మునుపటి తిండే. పుండు ఎందుకు మానలేదో చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. మా దగ్గర ఉన్న ఆ మంచి నంబర్లన్నీ బుధవారం పొద్దున ఒక్క గంటసేపు నిజం. మిగతా వారమంతా ఆ వేలు కుళ్ళుతూనే ఉంది.

పొడుగు పిల్ల నా చెయ్యి పట్టుకుని, ఏమంటున్నారు, ఏమంటున్నారు అని అడుగుతోంది. చెప్పాను. ఏ ముక్కా పారేయకుండా చెప్పాను. మొదట నమ్మలేదు. తరువాత కోపం వచ్చింది. నేను అడిగానా ఇట్లా చెయ్యమని, నేనెప్పుడూ అడగలేదే అని నా మీద అరిచింది.

"మా దగ్గర ఇంటికొచ్చినవాళ్ళు అడిగితేనా మేము పెట్టేది?" అన్నాను. కటువుగానే అన్నాను.

ఆమె జొన్నల మూట మీద కూలబడి ఏడ్చింది. అంత పొడుగు మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని. నేల మీద పడుకున్న ఖాలా మెల్లగా లేచి కూర్చుని, తన కొంగుతో ఆ పిల్ల ముఖం తుడవబోయింది. కొంగుకున్న పిండంతా ఆమె చెంపలకు అంటుకుంది.

"ఏడ్వకు బేటీ. ఏమైందిప్పుడు? మేడం, నంబరు ఎంతొచ్చిందంట?"

"మాట్లాడకు ఖాలా."

"తక్కువే వచ్చింది గద? మరి ఎందుకేడుస్తుంది?"

ఆ రోజే ఆఫీసుకు పోయి సారుకు చెప్పాను. ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అది ఒకామె విషయం మేడం. నంబర్లు నంబర్లే కదా" అన్నాడు. ఒకామె కాదు, వాడంతా అన్నాను. "ఆ పిల్ల వెళ్ళేముందు ఇదంతా ఎందుకు?" అన్నాడు. ఆ పిల్లకు అంతా తెలుసు, తెలియనిది మీకే అన్నాను. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించండి అని పట్టుబట్టాను. చేయించారు. సగటు పెరిగి ఉంది. అయినా ఆఫీసు గోడ మీద పెట్టిన ఫోటో దిగలేదు. పొడుగు పిల్ల, పక్కన ఖాలా, ఇద్దరి చేతుల మీదా నవ్వే ముఖాలు. ఇప్పటికీ వచ్చినవాళ్ళకు ఆ ఫోటో ముందు నిలబెట్టి అదే కథ చెబుతారు. తన రిపోర్టులో నిజమే రాశానని పిల్ల నాకు చెప్పింది. వాళ్ళ టీచర్లు ఏమన్నారో నాకు తెలియదు. పాసైందని మాత్రం తెలుసు. ఆ కబురు చెబితే ఖాలా వాడంతా శక్కర పంచింది. ఆమె మాత్రం తినలేదులెండి, అప్పటికి కర్నూలు నుంచి వచ్చి వారమే అయింది.

కర్నూలు సంగతి పొడుగు పిల్ల వెళ్ళిపోయాక జరిగింది. నల్లదనం బొటనవేలు దాటి పక్కవేలుకు పాకింది. ఆటోలో గద్వాలకు, అక్కణ్ణుంచి కర్నూలుకు నేనూ, ఆమె భర్తా తీసుకుపోయాం. అక్కడి డాక్టరు, ఇంత ఆలస్యం ఎందుకు చేశారు, ముందే వస్తే ఒక వేలుతో పోయేది కదా అన్నాడు. ఖాలా నా వైపు చూడలేదు. రెండు వేళ్ళు తీశారు. వార్డులో పక్కమంచం వాళ్ళు నన్ను ఆమె చెల్లెలనుకున్నారు. కాదని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

మత్తు దిగాక ఆమె అన్న మొదటి మాట, "పిల్లకు చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు?"

"పరాయి దేశంల ఒక్కతే కూసుని ఏడుస్తది. నువ్వంటే మొండిదానివి, నీకేం గాదు."

పొడుగు పిల్ల ఫోన్ చేసినప్పుడు, ఖాలా కాలు ఎట్లుందని ఆమే అడిగింది. చెప్పాను. తరువాత ఒక్క ప్రశ్న అడిగింది. ఎందుకలా చేసింది, నాకు అర్థమయ్యేట్టు చెప్పు అంది. ఆమె మాటలు వాళ్ళకు, వాళ్ళ మాటలు ఆమెకు ఇన్నాళ్ళు చెప్పినదాన్ని, ఇది కూడా ఖాలా నోటి మాటే మొయ్యాలనుకున్నాను. కనుక్కుని చెబుతానన్నాను.

కనుక్కుందామని ఎన్నోసార్లు పోయాను. గిర్ని మళ్ళీ నడుస్తోంది. ఖాలా స్టూలు మీద కూర్చునే పనిచేస్తుంది. డబ్బా ఎత్తి పోయడం పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళే చేసుకుంటున్నారు, లేదంటే మల్దకల్ పోతున్నారు. గిరాకీ సగమైంది. కాలికి రబ్బరు చెప్పు, లోపల దూది. నేను షుగరు చూస్తాను. ఎక్కువే ఉంటుంది.

మొన్న కూడా ఎక్కువే వచ్చింది. మోటారు ఆపమని చెప్పి, స్టూలు ఎదురుగా కింద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, అయినా కూర్చున్నాను.

"ఇయ్యాల జవాబు చెప్పందే లేవను ఖాలా."

"కూసో. పిండి పడుతది నెత్తి మీద."

"గోలీలు ఎన్ని దినాలు వదిలిపెట్టినవ్?"

"నువ్వడిగితే గోలీలేసుకోవాల్నా? నీకు నెల కాంగనే జీతమొస్తది, నాది దిగినా ఎక్కినా. ఆ పిల్లకు గట్ల కాదు గద."

"నీకెట్ల? నీకు దిగకపోతే ఏమైతదో నువ్వు చూస్తివి గద?"

ఆమె కాలి వైపు చూసుకుంది. జొన్నల్లోంచి ఒక రాయి ఏరి బయట పారేసింది.

"నాది నాకుంటది తీ మేడం" అంది, స్విచ్చు మీద చెయ్యి పెట్టి. మోత మొదలైంది. ఇంక ఏమన్నా వినపడదు, అందుకే వేసింది. నేను అరిచి మరీ అడిగాను. ఆమెకు వినపడిందో లేదో తెలియదు. ఇంకోసారి ఎట్లా అడిగితే చెబుతుందో కూడా తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి: ఒక పరాయి పిల్ల ఫెయిల్ కాకూడదని వారం వారం పస్తున్న మనిషి, తన వేళ్ళు పోకూడదని ఒక్క పూటైనా ఎందుకు ఉండలేదు?